విశాఖ నుంచి మూడు రోజులకు: పాపికొండల అడవా, కాంగేర్ లోయా?

శని, ఆదివారాలకు ఇంకో సెలవు కలిసొస్తే విశాఖలో చాలా కార్లు అరకు వైపే తిరుగుతాయి. అరకు బాగుంటుంది, కాదనం. కానీ పెద్ద అడవి మధ్యలోంచి పోయే రోడ్డు మీద రెండు రాత్రులు గడపాలన్నది మీ కోరిక అయితే మనకు అందేంత దూరంలో జాతీయ ఉద్యానవనాలు రెండున్నాయి. ఒకటి గోదావరికి అటూ ఇటూ పరుచుకున్న పాపికొండ జాతీయ ఉద్యానవనం. ఇంకొకటి ఛత్తీస్‌గఢ్‌లో జగదల్‌పూర్ పక్కనున్న కాంగేర్ లోయ. మ్యాపులో ఇంద్రావతి ఉద్యానవనం కూడా కనిపిస్తుంది గానీ, మూడు రోజుల కుటుంబ ప్రయాణానికి అది సరిపడదు. దాన్ని పక్కన పెట్టేయండి.

ముందే తేల్చి చెప్పాలంటే ఇలా. మొదటిసారి ఘాట్ రోడ్డు మీద బండి నడిపేవారికి, చిన్నపిల్లలున్న ఇంటికి, వానాకాలం చివర్లో పచ్చదనం కోసం వెళ్లేవారికి పాపికొండ అడవి అంచున ఘాట్ రోడ్డు మీదున్న మారేడుమిల్లి వైపు. పెద్దవాళ్లు కూర్చున్న చోటి నుంచే అంతా చూడాలనుకుంటే పాపికొండల నడుమ పోయే గోదావరి లాంచీ. రోజుకు ఎనిమిది గంటలు బండిలో కూర్చోగలిగి, గుహలూ జలపాతాలూ కావాలనుకునేవారికి నవంబరులో కాంగేర్ లోయ. ఈ మూడింటిలో ఒక ప్రయాణానికి ఒకటే పెట్టుకోండి. మూడు రోజుల ప్రయాణాలు చెడేది ఎక్కువగా రెండింటిని ఒకదాంట్లో కుక్కడం వల్లే.

రెండు అడవులు, ఒకే నీళ్లు

పాపికొండ పెద్దది. 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లకు పైనే. కాంగేర్ లోయ 1982లో ఉద్యానవనమైంది, 200 చదరపు కిలోమీటర్లు. అంటే అయిదో వంతు. అయినా చూడదగ్గ చోట్లు దగ్గర దగ్గరగా ఉండటం వల్ల కాంగేర్‌లో ఒక రోజులో ఎక్కువ చూస్తారు. పాపికొండ అడవిలో ఎక్కువ భాగం రోడ్డుకు అందదు. మీకు దొరికేది దాని అంచున పోయే ఘాట్ రోడ్డూ, దాని మధ్యన పోయే నదీ.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. కాంగేర్ వాగు కొలాబ్ నదిలో కలుస్తుంది. ఆ కొలాబే దిగువకు వచ్చేసరికి మన శబరి. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలిసి పాపికొండల నడుమ నుంచి పారుతుంది. కాంగేర్‌లోని తీరథ్‌గఢ్ జలపాతం దగ్గర దూకిన నీళ్లే కొన్నాళ్లకు పాపికొండల నడుమ గోదావరి ఒడ్డునున్న పేరంటాలపల్లి ముందు నుంచి పోతాయన్నమాట. అందుకే ఎగువన జగదల్‌పూర్ చుట్టూ ఉన్న బస్తర్‌లో పెద్ద వానలు పడితే, రాజమండ్రిలో ఎండ కాస్తున్నా సరే, లాంచీలు ఆగిపోవచ్చు.

అడవి స్వభావంలో కూడా తేడా ఉంది. కాంగేర్‌లో గుగ్గిలం చెట్లూ, టేకూ రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. ఉత్తరాది అడవి, దక్షిణాది అడవి కలుసుకునే చోటు అది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి కొండ గోరింకకు అదే పట్టు. పాపికొండ వైపు వెదురు ఎక్కువ. పెద్దపులి, చిరుత, అడవిదున్న, కణుజు, రేచుకుక్క ఇక్కడ ఉన్నాయి. కానీ పులి కనిపిస్తుందన్న ఆశతో ఈ రెండు చోట్లకూ వెళ్లకండి. రోడ్డు పక్కన బెట్లుడతో, తెల్లవారుజామున అడవికోడో కనిపిస్తే ఆ రోజు బాగున్నట్టే.

ఊరి కన్నా ముందు నెల చూసుకోండి

ఎంపికలో అసలు పట్టు ఇక్కడే ఉంది. ఒక్కో చోటు ఒక్కో నెలలో మూసుకుంటుంది. తేదీ ఖాయమైతే చోటు చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

జూన్ మధ్య నుంచి అక్టోబరు దాకా కాంగేర్‌లోని కుటుంసర్ గుహ మూసి ఉంటుంది. అది భూమి లోపలికి దిగే గుహ. వానలకు లోపలికి నీళ్లు చేరతాయి. అదే కాలంలో జలపాతాలు నిండుగా ఉంటాయి. జగదల్‌పూర్ దగ్గర ఇంద్రావతి నది మీది చిత్రకోట్ జలపాతం ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎర్రమట్టి రంగు నీళ్లతో, గుర్రపు లాడం ఆకారంలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒకే తెరగా పడుతుంది. ఎత్తు 95 అడుగులే, చూపు నిలిపేది దాని వెడల్పు. ఫిబ్రవరికి ఆ తెర రెండు మూడు పాయలుగా చీలిపోతుంది. గుహా కావాలి, నీళ్లూ కావాలంటే రెండూ కలిసొచ్చేది నవంబరు, మహా అయితే డిసెంబరు మొదటి సగం. దసరా రోజుల్లో జగదల్‌పూర్ వెళ్లాలనుకుంటే మాత్రం గదులు ముందే చూసుకోవాలి. బస్తర్ దసరా 75 రోజుల పండుగ, చివరి రోజుల్లో ఊరంతా కిటకిటలాడుతుంది.

గోదావరి లాంచీలకు వరద కాలం గండం. జులై నుంచి అక్టోబరు దాకా ఎప్పుడు ఆపుతారో, ఎప్పుడు వదులుతారో నీటిమట్టాన్ని బట్టే ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది వరద నీటిలోనే. ఆ తర్వాత తనిఖీలు గట్టిపడ్డాయి. ఈ రోజు లేదు అని రేవులో చెబితే వాదించకండి, బతిమాలకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నది నెమ్మదిగా ఉంటుంది, ఎండా బాధించదు.

మారేడుమిల్లి రోడ్డు ఏడాదంతా తెరిచే ఉంటుంది గానీ, ఏడాదంతా ఒకేలా ఉండదు. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా వాగుల్లో నీళ్లు, కొండల మీద పచ్చగడ్డి. డిసెంబరు, జనవరుల్లో మంచు, దాంతో పాటు జనం. ఫిబ్రవరి దాటితే మారేడుమిల్లి దగ్గరి గుడిస కొండల మీద గడ్డి ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. అప్పుడు ఫొటోల్లో చూసిన పచ్చదనం కోసం వెళ్లినవారు ఉసూరుమంటారు. జులై, ఆగస్టుల్లో గట్టి వాన పడ్డాక ఘాట్ మీద మట్టిపెళ్లలు జారడం, చెట్లు పడటం మామూలే. ఆ రోజుల్లో బయల్దేరే ముందు బస చేసే చోటికో, రంపచోడవరంలో తెలిసినవాళ్లకో ఫోన్ చేసి రోడ్డు సంగతి అడగండి. ఘాట్‌లో రాత్రి రాకపోకల మీద ఆంక్షలున్నాయేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

మారేడుమిల్లికి రెండు దారులు

మొదటిది సముద్రం వైపు హైవే. అనకాపల్లి, తుని, అన్నవరం, కత్తిపూడి మీదుగా జగ్గంపేట దాకా నాలుగు వరసల రోడ్డు, సుమారు 150 కిలోమీటర్లు. అక్కడ కుడికి తిరిగితే గోకవరం, ఆ తర్వాత భూపతిపాలెం రిజర్వాయరు, రంపచోడవరం, మారేడుమిల్లి. మొత్తం 225 కిలోమీటర్ల చుట్టుపక్కల. ఆగుతూ వెళ్తే అయిదున్నర గంటలు. రాజమండ్రి దాకా వెళ్లి వెనక్కి తిరగాల్సిన పనిలేదు. ఫోన్ మ్యాపు ఒక్కోసారి అటు తిప్పుతుంది, జగ్గంపేట దగ్గర గుర్తుపెట్టుకుని దిగండి. అన్నవరంలో కొండెక్కి దర్శనం చేసుకోవాలంటే మరో గంటన్నర కలుపుకోవాలి. ప్రసాదం ఒక్కటే కావాలంటే కొండ కింద హైవే పక్కనే దొరుకుతుంది, పావుగంట చాలు.

రెండోది మన్యం లోపలి దారి. నర్సీపట్నం, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరం. దూరంలో పెద్ద తేడా ఉండదు, సమయంలో గంట నుంచి గంటన్నర ఎక్కువ. కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. 1922 ఆగస్టులో ఆయన వరసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకుపోయిన ఊళ్లు ఇవి. ఆ మూడింటిలో రెండు ఈ దారిలోనే తగులుతాయి. చరిత్ర మీద మక్కువ ఉన్నవారికి, బడి పిల్లలున్నవారికి ఈ దారి విలువైనది. రోడ్డు విస్తరణ పని పూర్తికాని ముక్కల్లో కంకర, దుమ్ము ఉంటాయి. వానలో బురద కూడా. కాబట్టి వెళ్లేటప్పుడు హైవే, వచ్చేటప్పుడు మన్యం దారి పెట్టుకోవడం మంచిది. కొత్త చోటికి చేరేటప్పుడు ఆలస్యం ప్రమాదం, ఇంటికి చేరేటప్పుడు ఆలస్యం అలసట మాత్రమే.

ఈ ప్రయాణంలో కిలోమీటర్ల కన్నా వెలుగు లెక్క ముఖ్యం. డిసెంబరులో మన వైపు సుమారు ఆరున్నరకు తెల్లవారి, అయిదున్నరకు పొద్దుగూకుతుంది. కొండల నడుమ అయిదు గంటలకే మసక. అంటే రోజుకు మీ చేతిలో ఉండేది పదకొండు గంటలు. అందులో భోజనాలకూ, మధ్యమధ్య ఆగడానికీ రెండు గంటలు తీసేయండి. తొమ్మిదే మిగిలాయి. ఏ రోజు పథకమైనా ఆ తొమ్మిదిలో ఇమడకపోతే ఒక చోటు కొట్టేయండి.

మారేడుమిల్లి మూడు రోజులు ఇలా

మొదటి రోజు ఉదయం ఆరుకు విశాఖ దాటితే పన్నెండు లోపు రంపచోడవరం. ట్యాంకు నింపడం, టైర్లలో గాలి, డబ్బు తీసుకోవడం గోకవరం, రంపచోడవరాల్లోనే ముగించండి. తర్వాత అవకాశాలు తగ్గిపోతాయి. మధ్యాహ్నం మారేడుమిల్లిలో గది. అటవీశాఖ ఆధ్వర్యంలోని వన విహారి కాటేజీలు శని, ఆదివారాలకు ముందే నిండిపోతాయి. గది ఖాయం కాకుండా డిసెంబరులో బయల్దేరకండి. సాయంత్రం నాలుగింటికి రోడ్డు పక్కనే ఉన్న జలతరంగిణి చూసి చీకటి పడకముందే వెనక్కి.

బొంగులో చికెన్ తినాలనుకుంటే చిన్న కిటుకు ఉంది. ముక్కలకు ఉప్పు, కారం, మసాలా పట్టించి, నూనె లేకుండా పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకు బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. దానికి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. అందుకని ముందు చెప్పేసి, జలపాతం చూసి వచ్చి తినండి. బొంగు పచ్చిగా ఉండాలి. వెదురులోని తేమే ముక్కను ఉడికిస్తుంది. ఎండిన బొంగైతే బయట మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ముందే కాల్చి పెట్టినదాన్ని వేడి చేసి ఇస్తానంటే వద్దనండి.

రెండో రోజు గుడిస. మారేడుమిల్లి నుంచి పుల్లంగి మీదుగా వెళ్లాలి, రానూపోనూ ఎనభై కిలోమీటర్ల పైమాటే. సూర్యోదయం చూడాలంటే నాలుగింటికే కదలాలి. ఇక్కడ సొంత కారా, అద్దె జీపా అన్న ప్రశ్న వస్తుంది. జవాబు సూటిగా చెబుతాం: జీపు. చివరి ఎక్కుడులో రాళ్లు తేలిన మట్టిబాట ఉంటుంది. కింద ఎత్తు తక్కువున్న కారు అడుగు తగిలి ఆయిల్ చాంబర్ పగిలితే మెకానిక్ వచ్చేసరికి మధ్యాహ్నం. అద్దె జీపుకు ముందురోజు సాయంత్రమే మాట్లాడుకుని, ఎంతమంది, ఎన్నింటికి, పైన ఎంతసేపు ఉంటారు అన్నది తేల్చుకోండి. పైన చలి గట్టిగా ఉంటుంది. ఉన్ని టోపీ, మందపాటి చొక్కా, వేడి నీళ్ల ఫ్లాస్కు పట్టుకెళ్లాలి. ప్లాస్టిక్ కవర్లు అక్కడ వదలకూడదు. పైన ఏ దుకాణమూ లేదనుకునే సిద్ధపడండి.

తొమ్మిది, పదింటికి కిందికి వచ్చి, టిఫిన్ చేసి, గంట నిద్రపోండి. నాలుగింటికి లేచిన డ్రైవరును వెంటనే ఘాట్‌లోకి పంపకూడదు. మధ్యాహ్నం చింతూరు వైపు ఘాట్ మీద అమృతధార, సోకులేరు వాగు. అమృతధారకు రోడ్డు దిగి కొంత నడవాలి. రాళ్లు పాకుడు పట్టి ఉంటాయి, చెప్పులు కాదు, పట్టున్న బూట్లు కావాలి. జలపాతం కింద గుండాల్లో దిగొద్దని గట్టిగా చెబుతున్నాం. ఈ వైపు వాగుల్లో ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. మీ తలమీద వాన లేకపోయినా కొండమీద పడితే నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. నీళ్ల రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా అప్పటికప్పుడు ఒడ్డెక్కేయండి.

మూడో రోజు ఎనిమిదింటికి బయల్దేరి రంప జలపాతం, లేదా కృష్ణదేవిపేట దారి. రెండూ కాదు.

లాంచీ ఎంచుకుంటే

పాత సమాచారంలో రాజమండ్రి రేవు నుంచో, పట్టిసీమ నుంచో లాంచీ ఎక్కమని ఉంటుంది. అది నమ్మకండి. పోలవరం దగ్గర నదికి అడ్డంగా కట్టడం వచ్చాక కింది నుంచి పైకి లాంచీ పోదు. ఇప్పుడు ఎక్కేది ఎగువన, దేవీపట్నం మండలం గండి పోచమ్మ గుడి దగ్గర. రాజమండ్రి నుంచి బస్సులోనో సొంత కారులోనో గంటకు పైగా పడుతుంది. లాంచీ ఉదయమే కదిలి సాయంత్రానికి తిరిగొస్తుంది. కాబట్టి విశాఖ నుంచి అదే రోజు తెల్లవారుజామున బయల్దేరి అందుకోవాలనుకోవడం పొరపాటు. ముందు రాత్రి రాజమండ్రిలో పడుకోండి. విశాఖ నుంచి 190 కిలోమీటర్లు, మధ్యాహ్నం బయల్దేరినా చాలు.

రోజంతా లాంచీలోనే గడుస్తుంది. కొండలు రెండు వైపుల నుంచి దగ్గరికొచ్చి నది సన్నబడే చోటు అసలు అందం. ఆ గంట సేపూ పైడెక్కు మీద ఉండాలి. చాలామంది సరిగ్గా ఆ వేళకే కింద భోజనానికి కూర్చుంటారు. నడిపేవారిని ముందే అడిగి పెట్టుకోండి. లైఫ్ జాకెట్ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఒంటి మీదే ఉండాలి. పిల్లల కొలతది విడిగా అడగండి, పెద్దవాళ్లది వేస్తే నీళ్లలో తలమీంచి జారిపోతుంది.

మారేడుమిల్లిలో ఉంటూ నది కూడా చూడాలంటే ఒక దారి ఉంది. ఘాట్ దిగి చింతూరు, అక్కడి నుంచి వరరామచంద్రాపురం మండలంలోని పోచవరం రేవు. అక్కడ ఎక్కితే పేరంటాలపల్లి వైపు తక్కువ సమయంలో వెళ్లి రావచ్చు. అయితే ఆ రోజు గుడిస ఉండకూడదు. రెండూ పెడితే రాత్రి ఘాట్ ఎక్కాల్సి వస్తుంది.

కాంగేర్ లోయకు

విశాఖ నుంచి జగదల్‌పూర్ దాదాపు 300 కిలోమీటర్లు. విజయనగరం, రామభద్రపురం, సాలూరు, సుంకి ఘాట్, కొరాపుట్, జయపూర్, బొరిగుమ్మ, కోట్పాడ్ మీదుగా. ఏడెనిమిది గంటలు. అరకు మీదుగా కూడా పోవచ్చు, అనంతగిరి ఘాట్, పాడువా, నందపూర్ వైపు. కొత్తవారు అదే అందమైన దారి అనుకుంటారు. నిజమే, కానీ సగం రోజు తినేస్తుంది, ఆదివారం సాయంత్రం అరకు నుంచి దిగే కార్ల వరస ఇంకా తింటుంది. అరకు చూడాల్సిందే అంటే వెళ్లే రోజు పెట్టుకోండి, తిరుగు ప్రయాణం మాత్రం సాలూరు వైపే. ఆ ఘాట్‌లో దామన్‌జోడి వైపు తిరిగే బరువు లారీలుంటాయి. మలుపులో లారీని దాటాలన్న ఆలోచనే వద్దు, అది తిరగడానికి రోడ్డంతా కావాలి.

జగదల్‌పూర్‌లో రెండు రాత్రులు ఒకే గదిలో ఉండటం మేలు. మొదటి రోజు రాత్రికి చేరడమే పని. రెండో రోజు ఉదయం ఏడున్నరకు కదిలి ముందు కుటుంసర్ గుహ, తర్వాత తీరథ్‌గఢ్. ఈ వరస తిప్పకండి. గుహ దాకా సొంత కారు పోదు, అడవి గేటు దగ్గర జిప్సీ జీపు తీసుకోవాలి, గైడు తప్పనిసరి. జిప్సీలు పరిమితంగా ఉంటాయి. పదకొండు దాటాక వెళ్తే మీ వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంటుంది.

బొర్రా గుహలు చూసినవారు ఇది కూడా అలాగే ఉంటుందనుకుంటారు. అలా ఉండదు. బొర్రా విశాలం, రంగు దీపాలు, మెట్లు. కుటుంసర్ నోరు మనిషి పట్టేంత సందు. ఇనుప మెట్ల మీద వంగి దిగాలి. లోపల గైడు చేతి దీపమే వెలుగు, నేల తడి, గాలి ఉక్క. కిలోమీటరుకు పైగా పొడవున్న గుహలో కొంత భాగం వరకే తీసుకెళ్తారు. లోపలి నీటి మడుగుల్లో తరాలుగా చీకట్లో బతికి చూపు పోయిన చిన్న చేపలుంటాయి. వాటి మీద ఫోన్ లైటు వేయకండి. ఉబ్బసం, మోకాళ్ల నొప్పి, ఇరుకంటే భయం ఉన్నవారు బయటే కూర్చోవడం మంచిది. తీరథ్‌గఢ్ జలపాతం మూడు వందల అడుగుల దాకా మెట్లు మెట్లుగా జారుతుంది. అడుగుకు చేరడానికి రెండు వందలకు పైగా మెట్లు దిగాలి, దిగినవన్నీ ఎక్కాలి.

మూడో రోజు సమస్య చిత్రకోట్. జగదల్‌పూర్ నుంచి 38 కిలోమీటర్లు, విశాఖకు వ్యతిరేక దిక్కు. ఉదయం ఆరుకు వెళ్లి, తొమ్మిదికి తిరిగొచ్చి, అప్పుడు బయల్దేరితే కొరాపుట్‌లో భోజనం, సుంకి ఘాట్ వెలుగులోనే దిగిపోతారు. అది కుదరకపోతే రెండో రోజు సాయంత్రం తీరథ్‌గఢ్ నుంచి నేరుగా చిత్రకోట్ వెళ్లి పొద్దుగూకేది అక్కడ చూడండి. అప్పుడు మూడో రోజు నింపాదిగా ఉంటుంది. వీలైతే ఈ రెండోదే ఎంచుకోండి.

అద్దె కారైతే ఒక మాట. పసుపు నంబరు ప్లేటు బండికి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రెండింటికీ పర్మిట్ ఉందో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి. సరిహద్దు దగ్గర తేలితే జరిమానా ఎవరిదన్న గొడవలో రెండు గంటలు పోతాయి. మీరే నడిపే అద్దె కారైతే ఏ రాష్ట్రాల్లోకి తీసుకెళ్లవచ్చో ఒప్పందంలో చూసుకోండి. జయపూర్ దాకా తెలుగుతో నెట్టుకురావచ్చు, జగదల్‌పూర్‌లో హిందీ కావాలి.

రెండూ కలిపి చుట్టేస్తే?

మ్యాపులో ఒక గుండ్రని దారి ఊరిస్తుంది. మారేడుమిల్లి, చింతూరు, కోంట, సుక్మా, కాంగేర్ లోయ, జగదల్‌పూర్, కొరాపుట్, సాలూరు, విశాఖ. మొత్తం 750 కిలోమీటర్ల పైన. దారి నిజంగా ఉంది, రోడ్డూ జాతీయ రహదారే. కానీ చింతూరు నుంచి జగదల్‌పూర్ మధ్య పొడుగునా అడవి, ఊళ్లు దూరం దూరం. పోలీసు తనిఖీలు ఎదురుకావచ్చు. అయిదు రోజులుంటేనే, అంతా పగటిపూటే నడిపేలా ఉంటేనే పెట్టుకోండి. మూడు రోజుల్లో అయితే మీరు చూసేది కారు అద్దమే.

డీజిలు, పెట్రోలు లెక్క

లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు మారేడుమిల్లి ప్రయాణం, గుడిసకు జీపు పోగా, సుమారు 550 కిలోమీటర్లు, 37 లీటర్లు. రాజమండ్రి, గండి పోచమ్మ 470, 32 లీటర్లు. కాంగేర్, చిత్రకోట్ కలిపి 770, 52 లీటర్లు. ఘాట్‌లో మైలేజీ తగ్గుతుంది కాబట్టి పదో వంతు అదనం వేసుకోండి. ఇంధనం ఒక్కటే చూస్తే లాంచీ చవక అనిపిస్తుంది, టిక్కెట్లు తలకు లెక్కేస్తే నలుగురికి మించిన కుటుంబానికి మారేడుమిల్లే తక్కువలో పోతుంది. జీపు, జిప్సీ మాత్రం బండికి లెక్క, మనిషికి కాదు. అయిదారుగురు పంచుకుంటేనే కలిసొస్తాయి.

బండి, సామాను

ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల సూత్రం, ఇప్పటికీ చెల్లుతుంది. మూడో గేరులో ఎక్కిన చోట మూడులోనే దిగండి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే పది మలుపుల తర్వాత డిస్కులు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, పెడల్ మెత్తబడుతుంది. అలా అయితే వెడల్పున్న చోట ఆపి ఇరవై నిమిషాలు వదిలేయండి, చక్రాల మీద నీళ్లు కొట్టకండి. ఆటోమేటిక్ కారులో కింది గేరుకు మార్చే వీలు ఎక్కడుందో ఇంట్లోనే చూసుకోవాలి. న్యూట్రల్‌లో జారవిడవడం ఎప్పుడూ వద్దు.

స్టెప్నీలో గాలి చూసేవారు తక్కువ, అడవిలో దాని అవసరమే ఎక్కువ. జాకీ, వీల్ స్పానరు ఉన్నాయో లేదో కూడా చూడండి. మారేడుమిల్లి దాటాక చింతూరు దాకా ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు, అంటే మ్యాపూ లేదు, ఫోన్‌పే కూడా లేదు. మ్యాపును ముందే దించుకోండి. యాభై, వంద నోట్లలో ఓ మూడు వేలు చేతిలో ఉండాలి. ఏజెన్సీలో మలేరియా భయం ఉంది. దోమల మందు, పొడుగు చేతుల చొక్కాలు వానాకాలంలో తప్పనిసరి. వాంతులయ్యే పిల్లలకు డాక్టరు చెప్పిన మాత్ర ఘాట్ మొదలయ్యాక కాదు, అరగంట ముందే వేయాలి. ఘాట్‌లో కోతులకు ఏమీ పెట్టకండి, తిండి కోసం అవి రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడుతున్నాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆరని సిగరెట్టు పీక ఒక్కటి చాలు కొండ తగలబడటానికి.

బైకు మీద వెళ్లేవారికి మారేడుమిల్లే. కాంగేర్‌కు రోజుకు మూడు వందల కిలోమీటర్లు, వెనకాల మనిషితో, లారీల మధ్య అంటే నడుము నిలవదు.

తిరుగు రోజు విశాఖకు ఎనిమిదింటికి చేరాలనుకుంటే మారేడుమిల్లి నుంచి మధ్యాహ్నం రెండింటికల్లా, జగదల్‌పూర్ నుంచి పదకొండింటికల్లా బండి కదలాలి. ఆదివారమైతే హైవే మీద అనకాపల్లి నుంచి గాజువాక దాకా రద్దీకి ఇంకో ముప్పావుగంట కలుపుకోండి.